లెక్క ఒప్పగింపవలసిన వారము

‘లెక్క ఒప్పగించుట’ యను మాట మన గోదావరీ కృష్ణా ప్రాంతములవారికి క్రొత్తది కాదు. 1984వ సంవత్సరమున కరణీకములు రద్దగువఱకు మన పల్లెలలో ప్రతియేటను జమాబంది జరుగుచుండెడిది. ఆ దినమున కరణముగారు దస్త్రములు మూటగట్టుకొని యధికారి యెదుటికి పోవలసినదే. ఏ పొలము ఎవరిది, ఎంత సాగయినది, ఎంత శిస్తు వసూలయినది, ఎంత నిలువ యున్నది అని పైయధికారి యడుగును, ఈయన చెప్పవలెను. ‘ప్రక్కయూరి కరణమును నావలెనే వ్రాసినాడు’ అని చెప్పుకొనుటకు అచ్చట చోటు లేదు. ఎవరి దస్త్రము వారిది. ఎవరి చేవ్రాలు వారిది.

దేవుని యెదుట మనుష్యునికిగల బాధ్యతను తెలుపుటకు క్రొత్తనిబంధన గ్రంథకర్తలు ఎన్నుకొన్న మాటలలో ముఖ్యమైనది ఈ లెక్కయే. అపొస్తలుడైన పౌలు సుమారు క్రీ. శ. 57వ సంవత్సరమున రోమాలోని విశ్వాసులకు వ్రాసిన పత్రికయందు, పదునాలుగవ అధ్యాయమున, దేవుని సముఖమున ఎవరి లెక్క వారే చెప్పుకొనవలసియుండునని బోధించెను. ఆ పత్రిక వ్రాయబడిన గ్రీకు భాషలో లెక్కకు ‘లోగోస్’ అని పేరు. ఆ భాషలో మాటకును ఆ పేరే. యోహాను సువార్త ప్రారంభమున ‘వాక్యము’ అని మనము చదువుకొనునది ఈ శబ్దమే. కావున లెక్క యనగా అంకెల కూడిక మాత్రమే కాదు. అడిగినవాని యెదుట నోరు తెఱచి చెప్పవలసిన సమాధానము.

పౌలు ఈ మాట పలికిన సందర్భము గమనింపదగినది. రోమా సంఘములో కొందఱు మాంసము భుజించుచుండిరి. కొందఱు కూరగాయలతో సరిపెట్టుకొనుచుండిరి. కొందఱు కొన్ని దినములను విశేషముగా నెంచిరి. మఱికొందఱికి అన్ని దినములు నొక్కటే. తినువారు తిననివారిని తృణీకరించుచు, తిననివారు తినువారికి తీర్పు తీర్చుచు నుండగా, పౌలు వారి నడుమ ఈ లెక్క మాటను నిలిపెను. దానివలన రెండు సంగతులు తేలుచున్నవి. పొరుగువాని దస్త్రమును మనము వ్రాయరాదు. అది వాని యజమానుని యెదుట వాడు విప్పవలసినది. అట్లే పొరుగువాని దస్త్రము వెనుక మనము దాగరాదు. మనది మనము విప్పవలసినదే. ఇందులో మొదటిది గర్వమును అణచును. రెండవది సాకును అణచును. ఆదిమ క్రైస్తవ గ్రంథములలోని నీతిబోధయంతయు ఈ రెండింటిమీదనే నిలిచినదని మా యభిప్రాయము. దానిని మన దేశపు సంగతులతో సరిచూచుటకే ఈ వ్యాసము వ్రాయబూనితిమి.

యేసుప్రభువు చెప్పిన ఉపమానములలో గృహనిర్వాహకులు, దాసులు, తోటలు గుత్తకు తీసికొన్న కాపులు పలుమాఱు కనబడుదురు. వీరందఱును ఒకరి సొమ్మును చేతబట్టుకొన్నవారే, సొంతదారులు కారు. తలాంతుల ఉపమానమును పిన్న తరగతులవారు కూడ ఎఱుగుదురు. అందు ఒక్క తలాంతే పొందిన దాసునిమీద మనకు జాలి కలుగును. కాని యొక తలాంతనగా 6,000 దేనారములు. ఒక దేనారము ఆ దినములలో కూలివాని దినకూలి. అనగా అందఱికంటె తక్కువ పొందినవాని చేతిలోను, ఒక కూలివాడు ఇంచుమించు ఇరువది యేండ్లు కష్టపడి గడింపవలసిన సొమ్మున్నది. ‘నాకిచ్చినది స్వల్పము’ అని వాడు చెప్పుకొనుటకు వీలులేదు. మఱియొక విశేషము: వాడు దొంగిలింపలేదు, పాడుచేయలేదు, పాతిపెట్టి యథాతథముగా తిరిగి తెచ్చెను. అయినను తప్పుపట్టబడెను. ఆ యధ్యాయపు తుదిభాగమున ఎడమవైపున నిలిచినవారిని గూర్చియు ఇట్లే చెప్పబడినది. వారు హత్య చేసిరనిగాని కొల్లగొట్టిరనిగాని యచ్చట లేదు. ఆకలిగొన్నవానికి పెట్టలేదు, చెఱలోనున్నవానిని చూడబోలేదు. మేలు ఇది యని తెలిసియు చేయకుండుట పాపమే యని యాకోబు పత్రికయును చెప్పుచున్నది. చేసినదానికి మాత్రమే కాక చేయనిదానికిని లెక్క గలదన్నమాట.

ఈ బోధ గ్రంథములలోనే నిలిచిపోయెనా, లేక మనుష్యుల నడవడిలోనికి దిగెనా యని విద్యార్థులు అడుగవచ్చును. దీనికి క్రైస్తవుడు కానివాని సాక్ష్యమే దొరకుచున్నది. సుమారు క్రీ. శ. 112వ సంవత్సరమున ప్లినీ యను రోమను అధికారి బితూనియ ప్రాంతమును పాలించుచు, క్రైస్తవులను ఏమి చేయవలెనో తెలియక ట్రాజను చక్రవర్తికి లేఖ వ్రాసెను. నిజము రాబట్టుటకై సంఘములో పరిచారికలని పిలువబడు ఇద్దఱు దాసీలను ఆయన హింసించెను. ఆయన విచారణలో తేలినదేమనగా, వీరు నియమితదినమున తెల్లవాఱక ముందే కూడుకొని క్రీస్తును దేవునిగా కీర్తించుచు, ఒక ప్రమాణము చేయుచుండిరట. ఆ ప్రమాణము కుట్రకు కాదు. దొంగతనము చేయమనియు, వ్యభిచరింపమనియు, ఇచ్చిన మాట తప్పమనియు, దాచుమని యిచ్చిన సొమ్మును అడిగినప్పుడు లేదనమనియు. ఈ కడపటి నియమమును చూడుడు. నమ్మి దాచిపెట్టిన సొమ్మునకు మన పూర్వులు ‘ఇల్లడ’ యని చక్కని పేరు పెట్టిరి. పరలోకమును గూర్చి పాడుచున్నవారు ఆ పాట ముగియగానే ఇల్లడను గూర్చి ప్రమాణము చేసిరి. భక్తికిని లావాదేవికిని నడుమ వారు గోడ కట్టలేదు.

చర్చి మిషనరీ సొసైటీవారి తరఫున రాబర్టు నోబులు, హెన్రీ వాట్సను ఫాక్సు అను ఇద్దఱు 1841లో మచిలీపట్టణమున తెలుగు మిషనును ప్రారంభించిరి. 1854లో ఆ పని ఏలూరునకు వ్యాపించెను. అప్పటినుండి ఈ ప్రాంతపు పిల్లలు, క్రైస్తవులుగాని కానివారుగాని, మిషను బడులలో ఈ గ్రంథమును చదువుచునే యున్నారు. చదివినది మన మట్టిమీద నిలుచునా యనునదే ప్రశ్న. ఇల్లడ యననేమో తెలిసికొనుటకు మనము బితూనియకు పోనక్కఱలేదు. ఏలూరినుండి దక్షిణముగా కొంతదూరము నడచిన చాలును. కొల్లేరు కనబడును.

కృష్ణా గోదావరుల లంకభూముల నడుమనున్న పల్లములో దేవుడు నిలిపిన మంచినీటి సరస్సిది. ఏలూరి ప్రక్కగా పాఱు తమ్మిలేరు, విజయవాడ మీదుగా వచ్చు బుడమేరు, ఇంకను అనేకములైన కాలువలును మురుగుకోడులును దీనిలో కలియును. ఇన్ని దారుల వచ్చిన నీటికి సముద్రమునకు పోవుటకు దారి ఉప్పుటేరు. వానకాలమున పైనుండి వచ్చిన వరదను తన కడుపులో నిలుపుకొని మెల్లమెల్లగా వదలుట కొల్లేటి పని. దానివలన పైయూళ్లు మునుగకుండును, క్రిందియూళ్లు ఒక్కసారిగా కొట్టుకొనిపోకుండును. తాటిదోనెలమీద తిరుగుచు కొరమీనును, జెల్లను, మట్టగిడసను పట్టి బ్రదికిన మత్స్యకారులు దాని నడుమ తిప్పలమీద తరతరములుగా కాపురమున్నారు. నీరు తగ్గినప్పుడు అంచుభూములలో వరి పండించుకొన్నవారున్నారు. ఆటపాక వద్ద చెట్లమీద గూడకొంగలు పిల్లలను పెంచును. వీరిలో ఎవరును సరస్సును త్రవ్వినవారు కారు. అందఱును దానిని చేతికి పొందినవారే.

1976వ సంవత్సరపు ప్రాంతమున, ఇచ్చటి మత్స్యకారుల కును పేదవారికిని జీవనాధారము కల్పింపవలెనను మంచి తలంపుతో, ప్రభుత్వము సహకార సంఘముల ద్వారా చేపల చెఱువులు త్రవ్వుటకు ఏర్పాటుచేసెను. లాభము కనబడగానే కాలక్రమమున ఆ చెఱువులలో అనేకము గుత్తల పేరిట కలిగినవారి చేతులలోనికి పోయెను. వానిప్రక్కన క్రొత్త గట్లు లేచెను. గట్టుప్రక్క గట్టు లేవగా నీరు పాఱు దారులు మూసికొనిపోయెను. 1999లో ప్రభుత్వము సముద్రమట్టమునకు 5 అడుగుల ఎత్తున గీచిన రేఖకు లోబడిన సుమారు 308 చదరపు కిలోమీటర్ల ప్రదేశమును వన్యప్రాణి రక్షణస్థలముగా ప్రకటించెను. 2002లో కొల్లేరు అంతర్జాతీయ రాంసారు పట్టికలో చేరెను. 2006లో ఆ రేఖకు లోపలనున్న చెఱువుల గట్లను ప్రభుత్వము యంత్రములతో తెగగొట్టించెను. 2008లో ఆ సరిహద్దును 3 అడుగుల రేఖకు తగ్గింపవలెనని రాష్ట్ర శాసనసభ తీర్మానించెను. ఇట్లు చట్టము ఒకవైపునకును, జీవనము ఒకవైపునకును లాగుచుండ, సరస్సు నడుమ నలిగెను.

నీటిదారులను సంకుచితపఱచిన లెక్కను నీరే యొకప్పుడు అడుగును. 2024వ సంవత్సరము ఆగష్టు తుదిని, సెప్టెంబరు మొదటను కురిసిన పెనువానకు బుడమేరు గట్లు తెగి విజయవాడలోని పేటలు మునిగిపోయెను. ఇండ్లలో నీటినడుమ దినములు గడపినవారిలో పెక్కురు ఏ కాలువనుగాని పూడ్చినవారు కారు. ఒకచోట తీసికొన్న అప్పునకు మఱియొకచోట వేఱొకరు తీర్పరులగుట యన్నచో ఇదియే.

మా పైతరగతిలో యాకోబు పత్రికను చదువుచున్న యొక దినమున, కొల్లేటి తీరపు పల్లెనుండి వచ్చి వసతిగృహములో నుండి చదువుకొను విద్యార్థి యొకడు లేచి యిట్లడిగెను: ‘మాస్టారండీ, మా నాయన చేపల చెఱువు గుత్తకు తీసికొని సాగుచేయుచున్నాడండీ. దానితోనే నాకు జీతము కట్టుచున్నాడు. అది దేవుని యెదుట పాపమాండీ?’

తరగతి నిశ్శబ్దమాయెను. ఆ బల్లలమీద చెఱువులు గలవారి బిడ్డలు, ఆ చెఱువులమీద కూలికి పోవువారి బిడ్డలు, వలలు వేయుటకు చోటుపోయిన మత్స్యకారుల బిడ్డలు ప్రక్కప్రక్కనే కూర్చుండియున్నారు. ఇట్టి ప్రశ్నకు గంటకొట్టులోపల జవాబు చెప్పుట తగదని తోచి, మఱుసటి వారమున చెప్పెదమంటిమి.

ఆ వారమున మేము చెప్పినదిది. నీ తండ్రిగారి లెక్కను మేము వ్రాయజాలము, నీవును వ్రాయరాదు. కాని ఆయన చేతబట్టుకొనదగిన కొలబద్ద గ్రంథములో కలదు. లూకా సువార్త మూడవ అధ్యాయమున బాప్తిస్మమిచ్చు యోహానువద్దకు సుంకరులు, సైనికులు వచ్చి తామేమి చేయవలెనని యడిగిరి. ఆ కాలమున జనులకు సుంకరులనిన ఏవగింపు. అయినను యోహాను వారిని వృత్తి మానుకొని అడవికి రమ్మనలేదు. నిర్ణయింపబడినదానికంటె మించి పుచ్చుకొనవద్దనెను. సైనికులతో బెదరించి సొమ్ము గుంజవద్దనియు, జీతముతో తృప్తిపడుమనియు చెప్పెను. అనగా ఏ వృత్తికి తగిన గీత ఆ వృత్తిలోనే కలదు. చేపల సాగునకును అట్టి గీత గలదు. చెఱువు నిషిద్ధరేఖకు లోపల నున్నదా, వెలుపల నున్నదా? గట్టు ఎవరి పొలమునకుగాని ఎవరి దోనెకుగాని దారి నడ్డగించుచున్నదా? చెఱువునుండి వదలిన చెడ్డనీరు ఎవరి త్రాగునీటిలో కలియుచున్నది? రాత్రులు కావలియుండి, తెల్లవాఱుజామున వలలాగిన కూలివానికి సొమ్ము ముట్టినదా? ఈ ప్రశ్నలకు వెలుగులో నిలిచి సమాధానము చెప్పగలిగిన సాగు నింద్యము కాదు. చెప్పలేనిది, ఎంత చదువును చెప్పించినను, దిద్దుకొనవలసినదే.

విద్యార్థి సెలవులకు పోయివచ్చి తండ్రికి ఆ ప్రశ్నలు వినిపించినట్లును, ఆయన కోపింపక విని యొక్క మాట చెప్పినట్లును మాకు తెలిపెను. ఆ మాట యిది: ‘మీ మాస్టారికి నెల తిరుగగానే జీతము వచ్చునురా, నాకు నెల తిరుగగానే వడ్డీ వచ్చును.’

ఈ మాటను మేము తేలికగా త్రోసివేయజాలము. ఇందులో సాకు లేకపోలేదు. కాని సత్యమును గలదు. పౌలు గలతీయులకు వ్రాసిన పత్రిక ఆఱవ అధ్యాయమున దీనికి తగిన సంగతి యున్నది. అచ్చట ఒకవైపు ఒకరి బరువు నొకరు మోయవలెననియు, నాలుగు మాటలు దాటగానే ఎవరి బరువు వారే మోసికొనవలెననియు చెప్పబడినది. ఇది పైకి విరుద్ధముగా తోచును. గ్రీకు మూలమున మాటలు వేఱు. మొదటిది ‘బారోస్’, మనుష్యుని క్రుంగదీయు భారము. రెండవది ‘ఫోర్టియోన్’, ఎవనికి వానికి ఏర్పడిన మోపు. అపొస్తలుల కార్యములలో ఓడ సరకునకును ఈ రెండవ మాటయే వాడబడినది. దోనెకు దాని సరకు తగినదే. అది లేనిచో దోనె యెందులకు? కాని గాలివానలో పడి మునుగుచున్న దోనెను చూచి ‘నీ సరకు నీదే’ అని గట్టున నిలిచి చెప్పుట క్రీస్తు నియమము కాదు.

కావున ఆ తండ్రి లెక్క ఆయనదే. దానిని జీతము పుచ్చుకొను మేము మాన్పలేము, మోయలేము. కాని ఆయన వడ్డీ భారము ఆయన యొక్కనిది కాదు. సరస్సు బాగుండవలెనని పట్టణములో కూర్చుండి కోరువారమందఱమును, సరస్సును విడిచిన పేదవాడు ఏమి తిని బ్రదుకునని కూడ అడుగవలసినవారము. 2006లో గట్లు తెగినప్పుడు ధనికుడు మఱియొక వ్యాపారము చూచుకొనగలిగెను. ఆ గట్టుమీది కూలివానికి మఱునాటి గంజి ప్రశ్నయై నిలిచెను. పక్షులను కాపాడు చట్టము మంచిదే. దానితోకూడ ఆ కూలివాని యింటిని తలంచు మనసును ఉండవలెను. ఇంతేకాక, ఆ సరస్సులోనికి మన పట్టణముల మురుగును పోవుచున్నది. చెఱువుల గట్లను నిందించు వేలు మన గుమ్మము ముందటి కాలువవైపునకును తిరుగవలసియున్నది. అందఱును చేయుచున్నారని తప్పించుకొనుట గట్టువానికి తగనట్లే, నా యింటి మురుగెంత యని తప్పించుకొనుట మనకును తగదు. కొల్లేటిలో పడిన నీరంతయు కొంచెము కొంచెముగా వచ్చినదే.

కూలి సంగతి మఱికొంత చెప్పవలసియున్నది. పొలము కోసిన కూలివారికి ఇయ్యక బిగబట్టిన సొమ్ము తానే మొఱపెట్టుననియు, ఆ మొఱ దేవుని చెవులకు చేరుననియు యాకోబు పత్రిక అయిదవ అధ్యాయము తెలుపుచున్నది. ఆ పత్రికాకర్త కూలివాని నోటికంటె ముందు ఆ సొమ్మునకే నోరిచ్చెను. తాడేపల్లిగూడెపు బజారునకు ఒక తెల్లవాఱుజామున పోయిచూచినవారికి ఈ మాట బాగుగా తెలియును. ఉల్లిగడ్డల లారీలు దిగుచుండును. బియ్యపు బస్తాలు కాటా యెక్కుచుండును. జట్టు కూలీలు వంగిన వీపులతో పరుగెత్తుచుందురు. అచ్చట నీతి పెద్ద పెద్ద మాటలలో లేదు. కాటా ముల్లు నిలిచినదాకా ఆగుటలో నున్నది. తరుగు పేరిట కోసిన పిడికెడులో నున్నది. బస్తాకింత యని యొప్పుకొన్న కూలి సాయంకాలమునకు చేతిలో పడుటలో నున్నది. వ్రాతరాని రైతు ఎదుటనున్నప్పుడు చీటిమీద వ్రాసిన అంకెలో నున్నది. చిన్నదానిలో నమ్మకముగా నుండువాడే పెద్దదానిలోను నుండునని లూకా సువార్త పదునాఱవ అధ్యాయపు భావము. ఆ చిన్నది యేదో బజారుకంటె బాగుగా ఎవరు చూపగలరు?

క్రైస్తవ సంఘమువారము ఇతరులకు ఈ లెక్కను బోధించుటకు ముందు మన పెట్టెను మనము తెఱచి చూపవలెను. పౌలు యెరూషలేములోని బీదలకొఱకు సంఘములలో చందా ప్రోగుచేయునప్పుడు, ఆ సొమ్మును తానొక్కడే పట్టుకొనిపోలేదు. సంఘములు ఏర్పఱచిన మనుష్యులను వెంట నుంచుకొనెను. ప్రభువు దృష్టికి మాత్రమే కాక మనుష్యుల దృష్టికిని సక్రమముగా నుండవలెనని తన యుద్దేశమని కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక యెనిమిదవ అధ్యాయమున తెలిపెను. అపొస్తలునకే సాక్షులు కావలసివచ్చినప్పుడు, సంఘపు ధనమునకును బడి ధనమునకును లెక్క అడిగినవానిని అవిశ్వాసి యని త్రోసివేయుట ఎట్లు తగును? దేవునికే లెక్క చెప్పుదుము, మనుష్యులకు చెప్పము అనువాని దస్త్రము దేవుని యెదుటను తిన్నగా నుండదని మేము తలంతుము.

మన సంఘములలో ఈ విషయమున జ్ఞాపకముంచుకొనదగినవారు దోర్నకలు అధ్యక్షులు వేదనాయకం శామ్యూలు అజరయ్యగారు. ఆయన 1912వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో అభిషిక్తులై, ఆంగ్లికను సంఘములో అధ్యక్షపదవి నధిష్ఠించిన మొదటి భారతీయులైరి. 1945 జనవరి 1వ తేదీన మృతినొందువఱకు పనిచేసిరి. తరువాతి కాలమున కృష్ణా గోదావరీ ప్రాంతముల సంఘములును ఆయన పరిపాలన క్రిందికి వచ్చెను. క్రైస్తవుడు ఇయ్యవలసిన విధమును గూర్చి ఆయన ప్రత్యేకముగా నొక గ్రంథమే వ్రాసిరి. ఇచ్చుట ధనికుల గొప్ప కాదనియు, మిక్కిలి బీదవారికిని చెందిన హక్కనియు ఆయన బోధ. వంటకు బియ్యము కొలుచునప్పుడు తల్లులు దేవునికని పిడికెడు తీసి వేఱు కుండలో వేయు వాడుక మన పల్లె సంఘములలో అట్టి బోధవలననే బలపడినది. ఆ పిడికెడు బియ్యమునకు లెక్క పుస్తకము లేదు, చూచువారు లేరు. కరవునాడును పిడికిలి బిగియకుండుటయే ఆమె యొప్పగించు లెక్క.

ఇచ్చట నొక సంశయము కలుగవచ్చును. క్రైస్తవులు కృపవలన రక్షణ యనుచున్నారే. పాపములు క్షమింపబడినప్పుడు మఱల లెక్క యెందులకు? ఈ సంశయము పౌలు కాలముననే పుట్టినది. కృప కలదని పాపములో నిలిచియుండుట కూడదని ఆయనయే రోమా పత్రికలో గట్టిగా చెప్పెను. దీనికి జక్కయ్య చరిత్రయే చాలిన వ్యాఖ్యానము. ఆయన యెరికోలో సుంకరులకు పెద్ద. ప్రభువు ఆయన యింటికి వచ్చెదనని చెప్పినది ముందు. ఆయన తన యాస్తిలో సగము బీదలకిచ్చెదననియు, అన్యాయముగా తీసికొన్నది నాలుగంతలు మరలింతుననియు చెప్పినది వెనుక. లెక్క సరిచేసి ప్రభువును ఇంటికి కొనితెచ్చుకొనలేదు; ప్రభువు ఇంటికి వచ్చెను గనుక లెక్క సరిచేయగలిగెను. క్షమాపణ మనకును దేవునికిని నడుమ నున్న అప్పును తీర్చును. పొరుగువానివద్ద మనము తీసికొన్న బస్తా మాత్రము మన కొట్టులోనే యుండును. దానిని మోసికొనిపోయి వాని గుమ్మమున దింపుట మన పని. ప్రార్థన చేసి బస్తాను దాచుకొనువాడు కృపను ఎఱిగినవాడు కాడు.

మా పాఠశాలలో క్రైస్తవేతరులైన విద్యార్థులును, వారి తల్లిదండ్రులును ఉన్నారు. ఈ లెక్క క్రైస్తవులకు మాత్రమే యని వారనుకొనవలదు. ధర్మశాస్త్రము పొందని జనులును దాని సారమును తమ హృదయములలో వ్రాయబడినదిగా చూపుచున్నారనియు, వారి మనస్సాక్షి యే సాక్షియనియు పౌలు రోమా పత్రిక రెండవ అధ్యాయమున తెలిపెను. కొల్లేటికోట పెద్దింటమ్మ తీర్థమునకు పోవు మత్స్యకారుడు నమ్మి యిచ్చిన సొమ్మును తిరిగి యిచ్చును. గుడికి పోవువాడు కొందఱిలో పడి ఎగవేయును. ఎవరు ఏ పేరున పిలువబడుదురన్నదానికంటె, ఎవరి కాటా తిన్నగా నున్నదన్నది లెక్కయందు అడుగబడును. గ్రంథము చేతనున్నవారికి ఎక్కువ అప్పగింపబడినది గనుక వారినుండి యెక్కువ కోరబడును. ఇది ప్రభువు మాటలలోని భావమే. కావున ఈ విషయమున క్రైస్తవులమైన మనకు గర్వించుటకు ఏమియు లేదు. భయపడుటకు కొంత కలదు.

ప్రియ విద్యార్థులారా! మీ చేతులలో నేడు చెఱువులు లేవు, కాటాలు లేవు, సంఘపు పెట్టె తాళములు లేవు. కాని మీ కప్పగింపబడినవి లేకపోలేదు. పరీక్షగదిలో మీ కాగితమును మీదిగా వ్రాయుట, వసతిగృహములో మీ వంతు అన్నమును పాఱవేయకుండుట, గ్రంథాలయపు పుస్తకమును ఆకు చించక తిరిగి యిచ్చుట, చిన్నవానిని పదుగురు ఏడిపించుచుండగా అందఱితో నవ్వక లేచి నిలుచుట, ఇవి మీ దస్త్రములోని మొదటి పుటలు. మీలో కొందఱు రేపు ఇంజనీరులై కాలువలకు హద్దు గీతురు. కొందఱు అధికారులై అనుమతిపత్రములమీద చేవ్రాలు చేయుదురు. కొందఱు తండ్రుల చెఱువులును పొలములును దుకాణములును చేపట్టుదురు. ఆనాడు మీ చేవ్రాలుచేత మూసికొనిపోవు నీటిదారి యేదియో, ఆ దారి చివరనున్న యిల్లు ఎవరిదియో తలంచుకొనుడు.

తల్లిదండ్రులకును ఒక మనవి. మీ బిడ్డ ఇంటికి వచ్చి కష్టమైన ప్రశ్న వేసినప్పుడు, చదువు పొగరని త్రోసివేయకుడు. వడ్డీ సంగతి చెప్పిన ఆ తండ్రివలె ఉన్నసంగతి చెప్పుడు. అడిగినదానికి సమాధానము చెప్పుటయే లెక్క యని పైన వ్రాసితిమి. ఇంటిలో తన బిడ్డకు సమాధానము చెప్ప నలవాటుపడినవాడు దేవుని యెదుట నిలిచిననాడు మాట వెదకుకొనడు.

వడ్డీ సంగతి చెప్పిన ఆ పెద్దమనిషిని మేము ఇంతవఱకు చూడలేదు. ఆయన చెఱువు ఆ రేఖకు ఇవతల నున్నదో అవతల నున్నదో మేమడుగలేదు. అది ఆయన చెప్పుకొనవలసినది. ఆయన కుమారుడు మాత్రము ఈ సంవత్సరమును మా బడిలోనే చదువుచున్నాడు. జీతము క్రమముగా కట్టబడుచున్నది. ఆ సొమ్ము పుచ్చుకొని మేము ఆ బాలునికి ఏమి నేర్పుచున్నామన్నది మా లెక్క. దేవుడు మనలో ప్రతివానికి తన దస్త్రమును తానే తిన్నగా వ్రాసికొను ధైర్యమును, పొరుగువాని భారమునకు భుజమొడ్డు దయను అనుగ్రహించుగాక.